సభ్యత్వం ఒక్కటే, సదుపాయాలు మాత్రం చిరునామాను బట్టి

నేను భూకంపాలను తట్టుకునే కట్టడాల మీద పనిచేసే స్ట్రక్చరల్ ఇంజనీరుని. అమెరికాలో నమోదైన ఒక అంతర్జాతీయ వృత్తి సంఘంలో చాలా ఏళ్లుగా సభ్యురాలిని. అందులో ఒక సాంకేతిక ఉపసంఘంలో పనిచేస్తున్నాను, దాని పత్రికకు వచ్చే వ్యాసాలను పరిశీలిస్తుంటాను. సభ్యత్వం తీసుకోవాలా వద్దా అని కొత్తవాళ్లు అడిగినప్పుడల్లా ఇన్నాళ్లూ మరో ఆలోచన లేకుండా "తీసుకోండి" అనే చెప్పాను. అమెరికా ఆంక్షలున్న దేశాల్లోని సభ్యులకు చాలా సదుపాయాలు అందడం లేదని చూశాక, ఇప్పుడు ఆ మాటకు ఒక షరతు చేర్చాల్సి వచ్చింది, అందుకే ఈ సమీక్ష. సంఘం పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే ఇబ్బంది దానికొక్కదానికే ఉన్నది కాదు.

మంచి సంగతులు ముందు చెప్పాలి. డిజిటల్ లైబ్రరీ ఒక్కటి చాలు, కట్టిన రుసుము గిట్టుబాటవుతుంది. పెద్ద భూకంపం వచ్చిన చోటికల్లా వెళ్లి వచ్చిన పరిశీలన బృందాల నివేదికలు, కూలిన భవనాల ఫొటోలు, స్తంభమూ దూలమూ కలిసే చోట కడ్డీలు ఎలా వంగిపోయాయో చూపించే కొలతల పటాలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. వెబినార్లు నాణ్యంగా ఉంటాయి. మాట్లాడేవారు స్లైడ్లు చదివేసి వెళ్లిపోరు, ప్రశ్నలన్నీ అయ్యేదాకా ఉంటారు. సదస్సులకు, సాఫ్ట్‌వేర్‌కు రాయితీ ఉంది. వృత్తిలోకి కొత్తగా వచ్చినవారికి అనుభవజ్ఞులను జతచేసే పథకం ఉంది, దాని వల్ల బాగుపడినవారిని నేను చూశాను. వీటన్నిటికన్నా నేను విలువైనదిగా భావించేది ఉపసంఘంలో చోటు. రేపటి మార్గదర్శకాలు తయారయ్యేది అక్కడే. ఒక గోడను ఫ్రేముకు ఎలా కట్టాలి, ఎంత ఖాళీ వదలాలి అన్నది అక్కడ కూర్చున్నవారి అనుభవమే తేలుస్తుంది.

టెహ్రాన్‌లో ఉన్న మా సహోద్యోగికి దక్కనిది సరిగ్గా అదే.

మా ఉపసంఘం చూసేది కాంక్రీటు ఫ్రేముల మధ్య నింపే ఇటుక గోడల సంగతి. 2017 నవంబరు 12న ఇరాన్ పశ్చిమ భాగంలో, ఇరాక్ సరిహద్దు దగ్గర 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. సర్పోల్ ఎ జహాబ్ పట్టణంలో మెహర్ అనే ప్రభుత్వ పథకం కింద కట్టిన గృహ సముదాయాల్లో చాలాచోట్ల ఫ్రేములు నిలబడ్డాయి, మధ్యలోని గోడలు ఊడి పడిపోయాయి. ఫొటోల్లో భవనం అస్థిపంజరంలా నిలబడి ఉంటుంది, లోపలి గదులు వీధిలోంచి కనిపిస్తుంటాయి. లెక్కల్లో భవనం "నెగ్గింది", అందులో కాపురం ఉండడం మాత్రం కుదరదు. మా ఉపసంఘానికి ఇంతకన్నా పనికొచ్చే అనుభవం ఎక్కడ దొరుకుతుంది? ఆ గోడలను దగ్గరుండి కొలిచినవారిలో ఈయన ఒకరు. ఇరాన్ భూకంప నియమావళి అయిన 2800 ప్రమాణం గురించి మాకు విడమరిచి చెప్పగల మనిషి. ఉపసంఘంలోకి తీసుకుందామని అందరం ఒప్పుకున్నాం. కేంద్ర కార్యాలయం నుంచి జవాబు వచ్చింది: ఆయన సభ్యుడిగా కొనసాగవచ్చు, పత్రిక ముద్రిత ప్రతి అందుతుంది, ఉపసంఘంలో స్థానం, అనుభవజ్ఞులను జతచేసే పథకం, సభ్యుల వెబ్‌సైటు లాగిన్, శిక్షణ ధ్రువపత్రాలు మాత్రం ఆయన దేశానికి వర్తించవు.

ఆయన లేకుండానే ముసాయిదా తయారైంది. పోగుపడిన సవరణలు ముగిశాక, ముద్రిత ప్రతి టెహ్రాన్ చేరాక ఆయన చదివి ఒక లేఖ రాశారు. గోడ మందానికీ ఎత్తుకూ ఉండాల్సిన నిష్పత్తిని చూపించే పట్టికలో మేము గట్టి ఇటుకనూ కాంక్రీటు దిమ్మెనూ తీసుకున్నాం, బోలు మట్టి పెంకు దిమ్మెను వదిలేశాం. ఇరాన్‌లో అడ్డుగోడలకు విరివిగా వాడేది ఆ దిమ్మెనే. అది తేలికగా ఉంటుంది, కానీ పక్కకు తోస్తే పెళుసుగా పగులుతుంది. ఆయన మా సమావేశాల్లో ఉండి ఉంటే మొదటిరోజే ఎత్తి చూపేవారు. అప్పటికి ఆ కూర్పు ముగిసిపోయింది, సవరణ తర్వాతి కూర్పుకు వాయిదా పడింది. అటువంటి దిమ్మెలతో గోడలు కట్టే దేశాలు ఇంకా ఉన్నాయి. అక్కడి సభ్యులు పూర్తి రుసుము కట్టి, అన్ని సదుపాయాలూ పొందుతూ, ఆ దిమ్మె ఊసే లేని పట్టికను వాడుతున్నారు. ఆంక్షల వల్ల సదుపాయం పోయేది ఆంక్షలున్న దేశంలోని సభ్యుడికి ఒక్కడికే అని ఎవరైనా అనుకుంటే నేను చూపించేది ఈ పట్టికనే.

ఇందులో చట్టం ఎంత, సంఘం భయం ఎంత అన్నది వేరుచేసి చూడాలి. సమీక్షలో నేను మార్కులు వేసేది రెండోదానికి.

అమెరికా ఆంక్షలను అమలు చేసేది అక్కడి ఆర్థిక శాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం. వృత్తి సంఘాల వాళ్లు పొట్టిగా ఓఫాక్ అంటారు. అమెరికాలో నమోదైన సంస్థ ఇరాన్‌కు సేవలు అందించకూడదన్నది మూల నియమం. సభ్యత్వ సదుపాయాల్లో ఎక్కువ భాగం ఈ "సేవ" అన్న మాట కిందికే వస్తాయి. అయితే పుస్తకాలు, పత్రికలు, చిత్రాలు వంటి సమాచార సామగ్రిని ఆంక్షల పరిధి నుంచి తప్పిస్తూ అమెరికా కాంగ్రెస్ 1988లో బెర్మన్ సవరణ తెచ్చింది, 1994లో దాన్ని విస్తరించింది. అందుకే అచ్చయిన పత్రిక టెహ్రాన్‌కు వెళుతుంది. అప్పటికే తయారై ఉన్న వ్యాసం, రికార్డు చేసి పెట్టిన ప్రసంగం సమాచారం కిందికి వస్తాయి. ఒక వ్యక్తి కోసం ప్రత్యేకంగా చేసిపెట్టే సలహా, శిక్షణ సేవ కిందికి వస్తాయి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందన్న దగ్గరే సంఘాలు తడబడతాయి. సాఫ్ట్‌వేర్ రాయితీ సంగతి మరో శాఖ చేతిలోకి, వాణిజ్య శాఖ ఎగుమతి నియంత్రణల్లోకి కూడా వెళుతుంది.

సంఘాల భయానికి కారణం లేకపోలేదు. తెలిసి ఉల్లంఘిస్తే ఇరవై ఏళ్ల వరకు జైలు, పది లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. తెలియక చేసినా సివిల్ జరిమానా తప్పకపోవచ్చు, ఉద్దేశం నిరూపించాల్సిన అవసరం ఓఫాక్‌కు లేదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం ఇలాంటి కేసులు పెట్టే గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది. సంఘం నడిపేవాళ్లు కూడా మనలాంటి ఇంజనీర్లే. ఇలాంటి కాగితం ముందు పెడితే, అనుమానం ఉన్నదంతా మూసేయమని న్యాయవాది చెప్పడం, వీళ్లు తల ఊపడం అర్థం చేసుకోగలను.

అర్థం చేసుకుంటాను గానీ సరేనని ఒప్పుకోలేను. గట్టిగా అడిగినప్పుడు గీత కదిలిన ఉదాహరణలు ఉన్నాయి. మా సభ్యులకు తెలియాల్సిన చరిత్ర అదే. విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐఈఈఈ 2002లో ఇరాన్, క్యూబా, లిబియా, సూడాన్ వంటి దేశాల్లోని సభ్యులకు ముద్రిత పత్రికలు తప్ప దాదాపు అన్ని సదుపాయాలనూ ఆపేసింది. ఆ దేశాల నుంచి వచ్చిన వ్యాసాల భాష సవరించడం కూడా నిషేధంలోకి వస్తుందా అన్న ప్రశ్న తలెత్తింది. 2003 సెప్టెంబరు 30న ఓఫాక్ "వస్తుంది, అనుమతి కావాలి" అంది. ఆ మాట అమల్లో ఉన్న రోజుల్లోనే, డిసెంబరు 26న, భూకంపంలో ఇరాన్‌లోని బామ్ నగరం కూలిపోయింది. పాతిక వేలకు పైగా మనుషులు పోయారు. సహాయ సంస్థలు బామ్‌కు డబ్బు పంపడానికి వీలుగా మర్నాడే తాత్కాలిక అనుమతి వచ్చింది. ఇరాన్ ఇంజనీరు ఆ శిథిలాల గురించి రాసిన వ్యాసంలో వాక్యం దిద్దడానికి మాత్రం లైసెన్సు కావాలన్న మాట అలాగే ఉంది. 2004 ఏప్రిల్ 2న ఓఫాక్ తన అభిప్రాయం మార్చుకుని, ఐఈఈఈ చేసే పరిశీలనకూ సవరణకూ అనుమతి అక్కర్లేదని తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ప్రచురణకర్తలు, రచయితల సంస్థ పెన్ అమెరికన్ సెంటర్ కలిసి కోర్టుకెక్కారు. డిసెంబరులో ప్రచురణ పనులన్నిటికీ సాధారణ అనుమతి, అంటే ఎవరూ విడిగా దరఖాస్తు చేయనక్కర్లేని అనుమతి, వచ్చింది. అందులో ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉంది: విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను ఆ అనుమతి వర్తించని "ప్రభుత్వం"గా లెక్కించనక్కర్లేదు. మా పత్రిక సంపాదకవర్గంలో ఇప్పటికీ కొందరు "ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కదా" అని ఇరాన్ వ్యాసాలను పక్కన పెట్టాలని చూస్తారు. ఇరవై ఏళ్ల నాటి అనుమతిని నేను ముందు పెట్టాల్సి వస్తుంది.

అన్నిచోట్లా కథ ఇలా మంచిగా సాగలేదు. అమెరికన్ కెమికల్ సొసైటీ 2007లో ఇరాన్‌లో ఉన్న తన సభ్యుల సభ్యత్వాన్నే తీసేసింది. 2019 మేలో చైనా టెలికాం సంస్థ హువావేని అమెరికా వాణిజ్య శాఖ నియంత్రిత సంస్థల జాబితాలో చేర్చగానే, ఆ సంస్థ ఉద్యోగులు వ్యాసాల పరిశీలనలో పాల్గొనకూడదని ఐఈఈఈ ప్రకటించింది. చైనాలోని శాస్త్రవేత్తలు తీవ్రంగా నిరసించారు. వాణిజ్య శాఖ నుంచి స్పష్టత తెచ్చుకుని జూన్ 2న ఐఈఈఈ ఆ ఆంక్షను ఎత్తేసింది. అన్ని రోజులూ ఆ నిషేధం చట్టం అడగనిదే. ముందే ఒక లేఖ రాసి అడిగి ఉంటే సరిపోయేది.

ఇక మా సంఘం దగ్గరికి వస్తాను. దీనికి నేను అత్యల్ప మార్కులు వేసే సందర్భం, మంచి మార్కులు వేసే సందర్భం ఒకటే: 2023 ఫిబ్రవరి 6. ఆ తెల్లవారుజామున తుర్కియేలో 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం దక్షిణ తుర్కియేనూ ఉత్తర సిరియానూ ఒకేసారి దెబ్బతీసింది. దెబ్బతిన్న భవనంలోకి జనాన్ని వెళ్లనివ్వాలా వద్దా అని త్వరగా తేల్చే పద్ధతి మీద మా సంఘం ప్రత్యేక వెబినార్ పెట్టింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలు ఏ గుర్తులను చూసి అంటించాలో చెప్పే శిక్షణ అది. స్తంభం మీద వాలుగా పగులుంటే ఒక అర్థం, గోడకూ ఫ్రేముకూ మధ్య నిలువు గీత మాత్రమే ఉంటే వేరే అర్థం. బయట చలిలో ఉన్న కుటుంబాన్ని ఇంట్లోకి పంపవచ్చో లేదో ఆ తేడాయే చెబుతుంది. తుర్కియే నగరం గాజియాన్‌తెప్‌లోని సభ్యులు చేరారు. అలెప్పోలోని ఒక ఇంజనీరు పేరు నమోదు చేసుకోబోతే దేశాల జాబితాలో సిరియా పేరే లేదు. ఏదో ఒకటి ఎంచుకుంటే తప్ప ఫారం ముందుకు కదలదు. ఆయన అబద్ధపు దేశం పేరు పెట్టడానికి ఇష్టపడక నాకు ఉత్తరం రాశారు. ఆయన చేసింది సరైన పని. దొంగ చిరునామాతో చేరిన సభ్యత్వం బయటపడితే సభ్యుడికీ సంఘానికీ కూడా ముప్పే.

ఫిబ్రవరి 9నే ఓఫాక్ సిరియాకు భూకంప సహాయం కోసం 180 రోజుల సాధారణ అనుమతి ఇచ్చింది. ఆ సంగతి రాస్తూ, మా వెబినార్ దాని కిందికి వస్తుంది కదా అని కార్యాలయాన్ని అడిగాను. "న్యాయ విభాగం పరిశీలనలో ఉంది" అన్న జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది. ఈలోగా వెబినార్ ముగిసింది. మరికొందరు సభ్యులు కూడా రాశాక, కార్యాలయంలో కొత్తగా చేరిన ఒక ఉద్యోగిని విషయాన్ని భుజాన వేసుకున్నారు. లాగిన్ అక్కర్లేని పేజీలో రికార్డింగునూ చీటీల నమూనాలనూ పెట్టించారు. రికార్డు చేసి అందరికీ తెరిచి పెట్టినది ప్రచురితమైన సమాచారం, దానికి దేశాల జాబితా అక్కర్లేదు. ఇంత సులువైన పరిష్కారం మొదటిరోజే చేసి ఉండవచ్చు. శిథిలాల మధ్య వారాలు గడిచాక చేశారు. అయినా చేశారు. ఆ తర్వాత నుంచి విపత్తు సంబంధిత శిక్షణలన్నిటినీ మా సంఘం అలాగే బహిరంగంగా పెడుతోంది, ఇది నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే మార్పు.

డబ్బు కట్టే దగ్గర వచ్చే చిక్కు వేరు. రుసుముల పట్టికను దేశాల ఆదాయ స్థాయిని బట్టి తయారు చేశారు. ప్రపంచ బ్యాంకు అల్పాదాయ దేశాలుగా లెక్కించేవాటికి అతి తక్కువ రుసుము. సూడాన్, సిరియా రెండూ ఆ వరుసలోనే వస్తాయి. ఆ రాయితీ రుసుము కట్టడానికి బ్యాంకు దారి దొరకాలి కదా. సూడాన్‌పై ప్రధానమైన ఆంక్షలు 2017 అక్టోబరులోనే తొలగాయి, ఆ తర్వాత కూడా చాలాకాలం బ్యాంకులు ఖార్తూమ్ పేరు చూస్తేనే చెల్లింపు వెనక్కి పంపేవి. రష్యా సభ్యుల సంగతి మరోలా ఉంది. మామూలు వ్యక్తి మా సంఘంలో సభ్యుడిగా ఉండడాన్ని చట్టం నేరుగా నిషేధించలేదు. 2022 మార్చి 10 నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడి బ్యాంకుల కార్డులను బయట చెల్లకుండా చేశాయి, అంతే. రుసుము అందలేదు కనుక సభ్యత్వం దానంతట అదే రద్దయిందని యంత్రం పంపిన సందేశం వారికి వెళ్లింది. రద్దు కాకుండా ఒక ఏడాది ఉంచమని అడిగితే మా సంఘం ఒప్పుకోలేదు. ఇక్కడ చట్టం అడ్డురాలేదు, కాస్త ఓపిక పడితే సరిపోయేది. నేను బాగా నిరాశపడింది ఈ విషయంలోనే.

మరో సంగతి కొత్తవాళ్లు గమనించాలి. ఈ పరిమితులు ఎక్కువగా పౌరసత్వాన్ని బట్టి కాకుండా ఉంటున్న చోటును బట్టి పడతాయి. కెనడాలో స్థిరపడ్డ ఇరాన్ ఇంజనీరుకు అన్నీ తెరుచుకుంటాయి. పని మీద ఇరాన్ వెళ్లిన ఏ దేశపు ఇంజనీరుకైనా అక్కడి ఇంటర్నెట్ నుంచి లాగిన్ మూసుకుపోవచ్చు. సైటు మీద ఉన్నప్పుడే మనకు నివేదికలు కావాలి. అక్కడికి వెళ్లేవారు కావాల్సినవి ముందే దింపుకుని దగ్గర పెట్టుకోండి.

సదస్సుల విషయంలో మాత్రం మా సంఘం చట్టం ఇచ్చిన వెసులుబాటును చక్కగా వాడుకుంది. ఇరాన్ నిబంధనల్లోనే ఒక సాధారణ అనుమతి ఉంది: అక్కడ నివసించేవారు అమెరికాలో గానీ మూడో దేశంలో గానీ జరిగే, అందరికీ ప్రవేశమున్న సదస్సుల్లో పాల్గొనవచ్చు, కొన్ని రంగాలు మినహా. ఆ అనుమతి ఆధారంగానే టెహ్రాన్ సహోద్యోగి మూడో దేశంలో జరిగిన మా సదస్సుకు వచ్చి, సర్పోల్ ఎ జహాబ్ గోడల మీద మాట్లాడారు. కొలతల పటాలు తెర మీద వేసి, ఒక గోడ ఏ మూల నుంచి ఊడడం మొదలైందో వేలు పెట్టి చూపించారు. గది నిండిపోయింది. ఉపసంఘంలో ఉండడానికి వీల్లేదన్న మనిషి చుట్టూ ఉపసంఘం మొత్తం నోటు పుస్తకాలతో కూర్చుంది.

చేరాలనుకునేవారికి నేను చెప్పేది ఇది. చేరండి, కానీ డబ్బు కట్టేముందు కార్యాలయానికి రాసి కొన్ని జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఆంక్షలున్న దేశాల్లోని సభ్యులకు ఏవి ఇస్తారు, ఏవి ఇవ్వరు, ఇవ్వనివాటిలో చట్టం ఆపినవి ఏవి, తాము జాగ్రత్తకోసం ఆపినవి ఏవి? ఓఫాక్‌ను ప్రత్యేక అనుమతి ఎప్పుడైనా అడిగారా? చెల్లింపు దారి మూసుకుపోతే సభ్యత్వాన్ని నిలిపి ఉంచుతారా, రద్దు చేస్తారా? మీరు ఆంక్షలు లేని దేశంలో ఉన్నా ఈ ప్రశ్నలు అడగండి, ఎందుకంటే మీరు వాడబోయే పట్టికల్లో ఎవరి కొలతలు ఉన్నాయన్నది వాటి జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది. మా సంఘం మొదటి ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి జవాబు ఇవ్వలేదు. వెబ్‌సైటులో ఉన్నది "కొన్ని సదుపాయాలు కొన్ని దేశాల్లో అందుబాటులో ఉండకపోవచ్చు" అన్న ఒక్క వాక్యం. ఏ సదుపాయాలు, ఏ దేశాలు అన్నది డబ్బు కట్టాకే తెలుస్తుంది.

లైబ్రరీకీ, వెబినార్లకూ ఐదుకు ఐదు. సదస్సులకు నాలుగున్నర. ఆంక్షలున్న దేశాల సభ్యుల పట్ల వ్యవహరించిన తీరుకు రెండు, అదీ బహిరంగంగా పెట్టిన ఆ రికార్డింగు పుణ్యమా అని. మొత్తం మీద ఐదుకు మూడు ఇస్తున్నాను. ఈ ఏడాది పునరుద్ధరించాను, ఉపసంఘంలో ఆయన స్థానం కోసం ప్రత్యేక అనుమతికి దరఖాస్తు చేయాలన్న తీర్మానాన్ని వార్షిక సమావేశానికి పంపాను, పలువురు సభ్యులు సంతకాలు చేశారు. 2025 జూన్ 30న అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో సిరియాపై ఆంక్షల కార్యక్రమం ముగిసింది. ఇప్పుడు మా నమోదు ఫారంలో సిరియా పేరు ఉంది. అలెప్పో ఇంజనీరు ఫారం నింపారు, ఆయన బ్యాంకు పంపిన రుసుము మాత్రం మధ్యలోని బ్యాంకు దగ్గర ఇంకా ఆగి ఉంది.